పాటల పేర్లు తెలుగులో లేకపోతే ప్లేలిస్ట్ కట్టుకునేదెలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో టెక్నాలజీ పేజీ వారం వారం చదువుతాను. పాటల యాప్‌ల గురించి ఎప్పుడు రాసినా ఏ యాప్‌కి నెలకి ఎంత, ఏ రీఛార్జ్‌తో ఏది ఉచితం అన్న దగ్గరే ఆగిపోతున్నారు. యాప్ వేసుకున్నాక మనిషి రోజూ చేసే పని పాటలు ఏరుకుని ప్లేలిస్ట్ కట్టుకోవడం, దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. నేను విజయనగరంలో మైక్ సెట్ నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, చవితి పందిళ్లు, పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజుల్లో వీధి మైకులు, రిటైర్మెంట్ సన్మానాలు, ఎవరైనా పోతే ఆ ఇంటి ముందు బాక్సు పెట్టేది కూడా మేమే. అందుకని ప్లేలిస్ట్ నాకు తీరిక వేళ సరదా కాదు, ఇంట్లో పొయ్యి వెలగడానికి కావలసిన పని.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు కత్తెర వేసుకున్నా బాధ లేదు. తెలుగు పాట యాప్‌లోకి వెళ్లేసరికి దాని పల్లవి, పాడినవాళ్ల పేరు, బాణీ కట్టినవాళ్ల పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించేశారు, రాసిన కవి పేరైతే చాలా పాటలకు అసలే లేదు. ఈ గందరగోళం సర్దకుండా యాప్‌లో ఎన్ని కొత్త సౌకర్యాలు పెట్టినా తెలుగువాడికి ప్లేలిస్ట్ తలనొప్పే. ఆడియో కంపెనీలు సర్దాలి, యాప్‌లవాళ్లు వాళ్లని అడగాలి, మీలాంటి పేపర్లు ఇద్దరి వెంటా పడాలి. వాళ్లు సర్దేదాకా మనం చేసుకోగలిగింది కూడా కొంత ఉంది, అదీ రాస్తాను.

వెనకటికి రికార్డింగ్ సెంటర్లు ఉండేవి, మీ పాఠకుల్లో నలభై దాటినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. తెల్ల కాగితం మీద పల్లవులు రాసి ఇస్తే షాపువాడు ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. 90 నిమిషాల క్యాసెట్ అంటే పక్కకి 45 నిమిషాలు, పాత సినిమా పాటలైతే పక్కకి డజను పైచిలుకు పడతాయి, చివరి పాట తెగిపోకుండా నిమిషాలు కూడుకోవాలి. అది ప్లేలిస్ట్ కాకపోతే మరేమిటి? తేడా ఏమిటంటే ఆ కాగితం తెలుగులో ఉండేది. పల్లవి, పక్కన సినిమా పేరు, దాని పక్కన ఘంటసాల-సుశీల అనో బాలు-జానకి అనో ఉండేది, షాపువాడు కూడా తెలుగులోనే చదివి వెతికేవాడు, మధ్యలో ఎవరికీ ఇంగ్లీషు స్పెల్లింగుతో పని పడలేదు. తర్వాత ఎంపీత్రీ సీడీలొచ్చాయి, పెన్‌డ్రైవ్‌లొచ్చాయి, అప్పుడే ఈ రోగం మొదలైంది. ఫైలు పేరు ఎవడో తోచినట్టు కొట్టేవాడు, అదే పేరుతో ఊరంతా కాపీ అయ్యేది. ఆ ఫైళ్లు దొంగ కాపీలు, వాటిలో తప్పులున్నాయంటే అర్థం ఉంది. ఇప్పుడు హక్కులున్న కంపెనీలే సొంతంగా ఎక్కిస్తున్నాయి కదా, ఇప్పుడు కూడా అలాగే ఉంటే ఏమనాలి?

ఒక సంగతి చెప్తాను. కంటోన్మెంట్ వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు మనవరాలి ఫంక్షన్ మాట్లాడుకోడానికి వచ్చి, భోజనాల దగ్గర సుశీలమ్మ పాటలే ఉండాలి, ఆవిడ మనూరి ఆడపడుచు అన్నారు. నిజమే, పి.సుశీల గారు 1935లో ఇక్కడే విజయనగరంలో పుట్టారు, ఇక్కడే సంగీతం నేర్చుకున్నారు. 2016లో గిన్నిస్ వాళ్లు ఆవిడ పేరు ఎక్కించినప్పుడు లెక్క 17,695 పాటలు. అన్ని పాటలు పాడిన మనిషి పేరు యాప్‌లో ఒక్క తీరుగా ఉండొద్దా? ఒక ఆల్బమ్‌లో 'హెచ్' ఉంటుంది, ఇంకో దాంట్లో ఉండదు, ఒకచోట రెండు 'ఈ'లు, మరోచోట ఒక్క 'ఐ', కొన్నిచోట్ల ముందు 'పి' ఎగిరిపోతుంది. ఒక స్పెల్లింగుతో వెతికితే వచ్చిన పాటలు ఇంకో స్పెల్లింగుతో రావు. మాస్టారు నా పక్కన స్టూలు మీద కూర్చుని పల్లవులు చెప్తుంటే నేను నాలుగేసి రకాలుగా కొట్టి చూస్తున్నాను, ఆయనకి విసుగొచ్చి "ఏటి బాబూ, పాట తెలుసు, పాడింది ఎవరో తెలుసు, ఇంకేటి కావాలి దానికి?" అన్నారు. ఏం చెప్పను? దానికి కావలసింది గుమాస్తా ఎవరో ఏ రోజు ఏ స్పెల్లింగు కొట్టాడో ఆ స్పెల్లింగు.

బాలు గారి పేరు పొడుగు కాబట్టి దానితో ఇంకా ఎక్కువ అవస్థ. సాలూరి వారిది వేరే చిక్కు. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన రాజేశ్వరరావు గారు, సోదరుడు హనుమంతరావు గారు, కొడుకులు వాసూరావు, కోటి, అందరూ సంగీత దర్శకులే, ఇంటిపేరు కొడితే అందరూ కలిసి వస్తారు, పొడి అక్షరాలు 'ఎస్', 'ఆర్' కొడితే ఎవరెవరో వస్తారు. పేర్లు కలిస్తే యాప్ ఇద్దరు మనుషుల్ని ఒకే పేజీలో పడేస్తుంది, ఒక్క మనిషే రెండు స్పెల్లింగుల్లో ఉంటే ఇద్దర్ని చేస్తుంది. ఇక కవుల సంగతి. మన రాజాంలో పుట్టిన పింగళి నాగేంద్రరావు గారి పాటలన్నీ ఒకచోట పెట్టమని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ మాటలకి ఉన్న మోజు అలాంటిది. యాప్‌లో పాట వివరాల్లోకి వెళ్లి చూస్తే రచయిత దగ్గర ఖాళీ, లేకపోతే సంగీత దర్శకుడి పేరే రెండుసార్లు. తెలుగు పాటకి కవి పేరు తీసేస్తే మిగిలేదెంత? ఈ ఒక్క విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది, మిగతావన్నీ ఎలాగో సర్దుకుపోతాను.

పేరు దొరికాక కూడా పాట దొరికినట్టు కాదు. ఒకే పల్లవి కొడితే అసలు రికార్డింగు, ఎవరో స్టేజీ మీద పాడింది, కీబోర్డు మీద వాయించింది, కింద డ్రమ్ములు కలిపిన రీమిక్స్, ఈమధ్య నీళ్లలోంచి వినిపిస్తున్నట్టుండే లోఫై, అన్నీ వరసగా వస్తాయి. కొత్తవాళ్లు పైన కనిపించింది నొక్కేసి ప్లేలిస్ట్‌లో పడేస్తారు, ఫంక్షన్ రోజున ఆంప్లిఫయర్‌లోంచి వస్తే తప్ప తెలియదు. ఏడాది చూసి పోల్చుకుందామంటే అదీ కుదరదు, 1950ల నాటి పాట పక్కన 2000 దాటిన ఏడాది ఉంటుంది, అది కంపెనీవాళ్లు ఆ సంకలనం వేసిన ఏడాది. నేను ఆల్బమ్ పేరు చూస్తాను, సినిమా పేరు మీద ఉన్న ఆల్బమ్ అయితే అసలుది కావడానికి అవకాశం ఎక్కువ, 'హిట్స్' అని ఉంటే ఆగి వింటాను. నిడివి కూడా చూస్తాను. తర్వాత మొదటి పావు నిమిషం వింటాను. ఇంతకి మించి దగ్గరదారి లేదు.

ఇదంతా మనం పడుతుంటే యాప్ మాత్రం తనకి అన్నీ తెలుసన్నట్టు తనే పాటలు వేసేస్తుంది. ఆటోప్లే అంటారు, మన ప్లేలిస్ట్ అయిపోగానే ఆగకుండా దానికి దగ్గరగా ఉన్నాయనుకున్న పాటలు అందుకుంటుంది. గజపతినగరం అవతల ఒక పెళ్లిలో పెళ్లికొడుకు బావమరిది వరసయ్యే కుర్రాడు, అన్నా నా ఫోన్లో ఉన్నాయి నేనే పెడతానని బ్లూటూత్ కలిపాడు, పెద్దవాళ్ల కోసమని ఘంటసాల పాటలు కొన్ని పెట్టుకున్నాడు పాపం. తలంబ్రాలు అయ్యాయి, ఫొటోలు తీస్తున్నారు, కుర్రాడు ఎక్కడో ఐస్‌క్రీం స్టాల్ దగ్గరున్నాడు, జాబితా అయిపోయింది. యాప్ ఘంటసాల గారి భగవద్గీత అందుకుంది. చదివేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, 1974లో ఆయన పోయాక బయటికొచ్చిన ఆ రికార్డు మన పల్లెల్లో ఏ ఇంటి ముందు మోగుతుందో అందరికీ తెలుసు. పందిట్లో ఒక్కసారి మాటలు ఆగిపోయాయి. పెళ్లికూతురు మేనత్త "ఓరి నాయనో, ఆపండిరా, ఎవుడ్రా ఏసినోడు!" అని అరిచింది. అందరూ నా వైపే చూశారు, మైక్ సెట్ నాదే కదా. భగవద్గీతలో తప్పు లేదు, నాకు ఎంతో ఇష్టమైన రికార్డు అది. కానీ యాప్‌కి తెలిసింది గాయకుడి పేరొక్కటే, ఆ పాట ఏ సందర్భంలో వేస్తారో దానికి చెప్పినవాళ్లెవరు? పేర్లే సరిగ్గా రాయనివాళ్లు అది భక్తి రికార్డు అని, సినిమా పాట కాదని మాత్రం విడిగా రాస్తారా?

కాబట్టి ఎవరింట్లో శుభకార్యానికైనా సొంత ఫోన్ నుంచి పాటలు పెట్టుకునేవాళ్లు ముందు సెట్టింగుల్లోకి వెళ్లి ఆటోప్లే ఆపేయండి. పాటల వరస కలిపేసే షఫుల్ ఆపేయండి. డబ్బు కట్టని ఖాతా అయితే మధ్యలో ప్రకటనలు వస్తాయి, మంగళసూత్రం టైములో సబ్బు ప్రకటన వస్తే పురోహితుడు కూడా ఏమీ చేయలేడు, ఆ రోజుకైనా ఎవరి ఖాతాకి డబ్బు కట్టి ఉందో చూసుకుని ఆ ఫోన్ పెట్టండి. పాటకీ పాటకీ మధ్య ఖాళీ లేకుండా ఒకదాని తోకా ఇంకోదాని తలా కలిపే క్రాస్‌ఫేడ్ ఉంటుంది, స్పాటిఫై యాప్‌లో 12 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు, కుర్రాళ్ల డాన్సు పాటలకి బాగుంటుంది గానీ పద్యాలకీ పాత పాటలకీ అది పనికిరాదు, ఎత్తుగడలో ఉన్న ఆలాపన అంతా ముందు పాట తోక కింద నలిగిపోతుంది. శబ్దం సమం చేసే నార్మలైజేషన్ మాత్రం తప్పకుండా పెట్టి ఉంచండి. పాతవి మెత్తగా ఉంటాయి, కొత్తవి మొదలు కాగానే చెవులు పగులుతాయి, ఈ తేడాని అది చాలావరకు సర్దుతుంది. స్పాటిఫై నార్మల్ అనే స్థాయిలో పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం గట్టిదనాన్ని కొలిచే కొలత) అనే లెక్కకి తెస్తుంది, దాని పైన 'లౌడ్' అని ఇంకోటి ఉంటుంది, అది ముట్టుకోకండి, గట్టిదనం సంగతి మా ఆంప్లిఫయర్ చూసుకుంటుంది.

ప్లేలిస్ట్ ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకునేవాళ్లు చాలామంది కనిపిస్తారు. స్పాటిఫైలో ఒక్కో దాంట్లో 10,000 పాటల దాకా పట్టిస్తారట, పట్టించుకుని ఏం చేస్తారు? మా పనిలో చిన్నవే పనికొస్తాయి. భోజనాలకైతే బంతికి ఒకటి. బంతి లేచేసరికి ముప్పావుగంట, ఆ నిడివికి సరిపడా పాటలు, మొదటి బంతిలో పెద్దవాళ్లు కూర్చుంటారు కాబట్టి పాతవి, ఆఖరి బంతిలో వడ్డించిన కుర్రాళ్లే కూర్చుంటారు కాబట్టి వాళ్లకి నచ్చినవి. రాట వేసేటప్పటికి ఒకటి, ఊరేగింపుకి ఒకటి, అప్పగింతలకి ఒకటి. అప్పగింతల ప్లేలిస్ట్‌లో నాలుగే పాటలు ఉంచుతాను, ఎక్కువ ఏడిపించకూడదు. సన్నాయి మేళం కూర్చున్నంతసేపు ఏ ప్లేలిస్టూ లేదు, బాక్సులు ఆపేస్తాను, వాళ్ల మీద మనం పాట వేయడం మర్యాద కాదు. పేర్లు కూడా నేను 'పెళ్లి 1', 'పెళ్లి కొత్తది', 'పెళ్లి ఫైనల్' అని పెట్టను, ఆర్నెల్లకి ఏది ఏదో తెలియదు. ముందు ఊరి పేరు, తర్వాత ఇంటిపేరు, తర్వాత సందర్భం, అంతా తెలుగులో.

ఇక అందరూ కలిసి కట్టే ప్లేలిస్ట్. లింకు పంపితే ఎవరి ఫోన్ నుంచి వాళ్లు పాటలు చేర్చవచ్చు. మా జిల్లాలో సగం ఇళ్లలో పిల్లలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో బెంగళూరులోనో పనిలో ఉంటారు, పెళ్లికి ముందు రోజు దాకా రాలేరు, వాళ్లకి ఇది బాగా పనికొస్తుంది, అక్కడి నుంచే అమ్మమ్మకి ఇష్టమైన పాట చేర్చిన పిల్లల్ని చూశాను. గొడవ ఎక్కడంటే చేర్చగలిగినవాడు తీసేయగలడు కూడా. ఆడపెళ్లివారు పెట్టిన పాట మగపెళ్లివారి కుర్రాడు లేపేశాడని ఫోన్లో అరుపులు, తీసింది నేను కాదు మావయ్యా అని వాడు, ఈ పంచాయతీలో నన్ను కూడా కూర్చోబెడతారు. ఇప్పుడు ముందే చెప్పేస్తున్నాను, ముహూర్తానికి రెండ్రోజుల ముందు ఆ ఉమ్మడి ప్లేలిస్ట్‌లో ఉన్నవన్నీ నాదైన ఇంకో ప్లేలిస్ట్‌లోకి తీసుకుంటాను, ఆ తర్వాత మీలో మీరు ఎన్ని తీసుకున్నా నాకు సంబంధం లేదు. కోపంలో మొత్తం ప్లేలిస్టే చెరిపేసినవాళ్లు ఉంటే ఒక మాట, స్పాటిఫైలో అయితే ఫోన్లో కాకుండా వెబ్‌సైట్‌లో మీ ఖాతా పేజీకి వెళితే చెరిపిన ప్లేలిస్ట్‌ను 90 రోజుల లోపు మళ్లీ తెచ్చుకోవచ్చు.

డౌన్‌లోడ్ గురించి కొండ దిగువ ఊళ్లవాళ్లకి చెప్పాలి. పాచిపెంట వైపో గుమ్మలక్ష్మీపురం వైపో ఫంక్షన్ అంటే సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు, పాటలు ముందే దించుకోవాలి. దించుకున్నవి కూడా మన సొత్తు అయిపోవు. స్పాటిఫైలో 30 రోజులకి ఒకసారైనా నెట్ తగలకపోతే దించుకున్న పాటలు పోతాయి, చందా ఆపేసినా మోగవు. బయల్దేరే ముందు రోజు ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ప్లేలిస్ట్ మొదట్నుంచి చివరిదాకా మోగుతుందో లేదో చూసుకోండి, అంతకన్నా గట్టి పరీక్ష లేదు.

ఇప్పుడు అసలు భయం. మనం కష్టపడి ఏరుకున్న పాట ఒకరోజు పొద్దున్నే బూడిద రంగులోకి మారి, నొక్కినా మోగదు. మన ఫోన్లో లోపం కాదది. పాట హక్కులున్న కంపెనీకీ యాప్‌కీ ఒప్పందం తెగితే అలా అవుతుంది. 2019లో సరిగమ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాక స్పాటిఫైలోంచి వాళ్ల పాటలన్నీ తీసేశారు, మళ్లీ 2020 జూన్‌లో ఒప్పందం కుదిరాకే తిరిగొచ్చాయి. సరిగమ అంటే పాత హెచ్‌ఎంవీ, అంటే మన పాత తెలుగు పాటల్లో పెద్ద భాగం. 2023లో జీ మ్యూజిక్ పాటలకీ ఇదే జరిగింది. పాటలే కాదు, యాప్‌లే మూతపడతాయి, 2024 జనవరిలో రెస్సో మన దేశంలో ఆగిపోయింది, అదే ఏడాది వింక్ కూడా మూసేస్తున్నట్టు ప్రకటించారు. అద్దె ఇంటి పెరట్లో కొబ్బరి మొక్క నాటుకున్నట్టే ఇది, నీళ్లు మనం పోస్తాం, ఇల్లు వాళ్లది.

ఒక యాప్‌లోంచి ఇంకో యాప్‌కి ప్లేలిస్ట్ మార్చే సౌకర్యాలు ఉన్నాయి, సౌండీజ్, ట్యూన్ మై మ్యూజిక్ లాంటివి. హిందీ, ఇంగ్లీషు పాటలు ఎక్కువ ఉన్నవాళ్లకి బాగానే పని చేస్తాయి. తెలుగు పాతపాటలకి వచ్చేసరికి మళ్లీ మొదటి రోగమే, ఈ యాప్‌లో ఒక స్పెల్లింగు, ఆ యాప్‌లో ఇంకో స్పెల్లింగు, అది ఇది ఒకటేనని యంత్రానికి తెలియదు, దొరకలేదని వదిలేస్తుంది లేదా ఎవరో పాడిన కవర్ తెచ్చి పెడుతుంది. నిజానికి ప్రతి రికార్డింగుకీ ఐఎస్‌ఆర్‌సీ అని అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే గుర్తింపు కోడ్ ఉంటుంది, పేరు ఎలా ఉన్నా కోడ్ సరిపోతే పాట పట్టుకోవచ్చు, కానీ ఒకే పాటని సంకలనం మార్చిన ప్రతిసారీ కొత్త కోడ్‌తో ఎక్కిస్తే దానివల్ల కూడా లాభం ఉండదు.

అందుకే నేను ప్రతి ప్లేలిస్ట్‌కీ ఒక కాగితం రాసి పెట్టుకుంటాను, పాత రికార్డింగ్ సెంటర్ పద్ధతిలోనే. పల్లవి, సినిమా, పాడినవాళ్లు, సంగీతం, రచన, నిడివి, అన్నీ తెలుగులో. నా దుకాణంలో పనిచేసే కుర్రాడు దీన్ని చూసి నవ్వేవాడు, ఇప్పుడు వాడే రాస్తున్నాడు, ఫోన్ పోయినా యాప్ పోయినా ఒక పూటలో మళ్లీ కట్టేయొచ్చని వాడికి అర్థమైంది. ఇంకో చిట్కా కూడా ఉంది. పాట పేరు మార్చడం మన చేతిలో లేదు గానీ ప్లేలిస్ట్ పేరూ, దాని కింద రాసే నాలుగు ముక్కల వివరణా మన చేతిలోనే ఉన్నాయి. స్పాటిఫైలో వివరణకి 300 అక్షరాలు ఇస్తారు. తెలుగులో పేరు పెట్టి, వివరణలో కవి పేరూ సంగీత దర్శకుడి పేరూ తెలుగులో రాసి, అందరికీ కనిపించేలా ఉంచితే, తెలుగులో టైపు చేసి వెతికేవాడికి కనీసం ఆ ప్లేలిస్ట్ అయినా దొరుకుతుంది.

యాప్‌లవాళ్లే తయారుచేసి పెట్టే ప్లేలిస్ట్‌ల గురించి కూడా ఒక మాట. 'తెలుగు జానపదం' అని నొక్కి చూడండి, మా వైపు పాట ఎన్నోదానికి వస్తుందో. తెలంగాణ పాటల మీద నాకు ఏ కక్షా లేదు, పెళ్లిళ్లలో అవి లేకపోతే కుర్రాళ్లు నన్ను బతకనివ్వరు. కానీ మా ఉత్తరాంధ్ర జానపదాలు జముకుల పాట, తప్పెటగుళ్లు, దింసా, ఇవన్నీ ఎక్కడ? పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి నుంచి వచ్చి ఉత్తరాంధ్ర యాసని ఊరూరా పాడించిన వంగపండు ప్రసాదరావు గారు 2020 ఆగస్టులో పోయారు. ఆయన పాటలు వెతికితే ఎవరో పాడినవి, ఎవరో ఎక్కించినవి వస్తాయి, రాసింది ఆయనే అన్న మాట చాలా వాటి మీద ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం సంబరాల్లో తప్పెటగుళ్ల బృందాల్ని ఫోన్లో తీసి ఎక్కించినవాటి మీదైతే ఊరి పేరు కూడా ఉండదు, పాడేవాళ్ల పేరు సరేసరి. సినిమా పాటకి కవి పేరు మరిచిపోతే పుస్తకాల్లో అయినా దొరుకుతుంది. వీళ్ల పేర్లు ఇప్పుడు రాయకపోతే ఇంకెక్కడ దొరుకుతాయి?

చట్టం సంగతి అడిగేవాళ్ల కోసం క్లుప్తంగా రాస్తాను. పెళ్లిలోనూ, పెళ్లి ఊరేగింపులోనూ, దానికి సంబంధించిన వేడుకల్లోనూ పాటలు వేసుకోవడం కాపీరైట్ ఉల్లంఘన కాదని 1957 కాపీరైట్ చట్టంలోనే 52వ సెక్షన్‌లో ఉంది, 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల విభాగం డీపీఐఐటీ కూడా ఇదే మాట మళ్లీ చెప్పింది. యాప్ షరతులు మాత్రం వేరు, సొంతానికి వినుకోడానికే అని రాసి ఉంటుంది. అందుకే నేను యాప్‌ని పాటలు ఏరుకోడానికీ ఇంటివాళ్లకి వినిపించి ఒప్పించడానికీ వాడతాను, పందిట్లో వేసేది నేను కొనుక్కున్న సీడీల నుంచే. ఇంటివాళ్లు సొంత ఫోన్ నుంచి పెడతామంటే అది వాళ్ల ఇష్టం.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుతాను. ఆడియో కంపెనీలు పాట ఎక్కించేటప్పుడు పల్లవి తెలుగు లిపిలో కూడా ఇవ్వాలి, కవి పేరు లేకుండా ఎక్కించకూడదు. కుదరదని అనకండి. జపాన్ పాటలు అదే యాప్‌లో జపాన్ లిపిలోనే కనిపిస్తున్నాయి, వాళ్లకి కుదిరింది మనకెందుకు కుదరదు? యాప్‌లవాళ్లు తప్పుని పట్టించే మీట ఒకటి పాట పక్కనే పెట్టాలి, ఇప్పుడు అది ఎక్కడో నాలుగు పేజీల లోపల ఉంటుంది, ఉంటే.

మన దగ్గర చేయగలిగినవాళ్లు కూడా ఉన్నారు. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఈ ఊళ్లోనే ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు తర్వాత, ఘంటసాల గారు అక్కడ చదువుకున్నారు. ఇప్పుడు చదువుతున్న పిల్లలకి ఏడాదికో పని ఇవ్వండి, ఒక్కొక్కరు ఒక సంగీత దర్శకుడినో కవినో తీసుకుని అసలు రికార్డింగులు ఏవో విని తేల్చి, తెలుగు వివరాలతో ప్లేలిస్ట్ కట్టి అందరికీ తెరిచి పెట్టాలి. వాళ్ల చెవులకి ఉన్న శిక్షణ మాకు లేదు, ఏ పాట అసలుది, ఏది కవరో వాళ్లు రెండు చరణాల్లో చెప్పేస్తారు. కళాశాల పెద్దలెవరైనా ఇది చదివితే నా దగ్గరున్న కాగితాలన్నీ ఇస్తాను.

మీ పేపర్‌ని అడిగేది చిన్నదే. ఉత్తరాంధ్ర ఎడిషన్‌లో వారానికి ఒక్క గళ్ల పెట్టె ఇవ్వండి. ఒక గాయకురాలో కవో, పది పాటలు, పల్లవీ సినిమా రచనా సంగీతం ఏడాదీ తెలుగులో, పక్కన ఫోన్‌తో స్కాన్ చేస్తే ప్లేలిస్ట్ తెరుచుకునే క్యూఆర్ కోడ్. యాప్‌లో పాట బూడిదరంగు అయినా పేపర్ ముక్క కత్తిరించి దాచుకున్నవాడి దగ్గర జాబితా ఉంటుంది. మొదటి వారం సుశీలమ్మది వేయండి. రెండో వారం వంగపండు గారిది. మూడో వారానికి పాఠకులే ఉత్తరాలు రాస్తారు, మీకు పేజీ చాలదు.

ఇట్లు,
ఒక మైక్ సెట్ యజమాని,
గంటస్తంభం దగ్గర, విజయనగరం.

తా.క. ఉత్తరం పొడుగైందని కోయాల్సి వస్తే క్యాసెట్ల సంగతి తీసేయండి, పెళ్లిలో భగవద్గీత సంగతి కూడా తీసేయండి. ఆటోప్లే ఎలా ఆపాలో, కవి పేరు ఎందుకు రాయాలో, ఆ రెండూ మాత్రం ఉంచండి. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపే వేస్తే ఇంకా మంచిది.